చప్పట్లు ఆగిన చోట

జీగెన్, జర్మనీ,
సెప్టెంబర్ చివరి ఆదివారం

అమ్మకు స్నిగ్ధ నమస్కారాలు.

నేనిక్కడ క్షేమం. క్షేమమంటే నీ నర్సు లెక్కలో జ్వరం లేకపోవడం, వేళకు ఆకలి వేయడం, పడుకోగానే నిద్ర పట్టడం కదా. మొదటి రెండూ ఎప్పుడూ బాగానే ఉన్నాయి, మూడోది ఈ వారం నుంచి బాగుపడింది. అక్కడ నువ్వూ నాయనమ్మా కూడా అదే లెక్కన క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాను.

నీ ఉత్తరం మొన్న అందింది. చేతిలో ఫోన్ పెట్టుకుని ఈ ఉత్తరాలేమిటని చిన్నాన్న కొడుకు జితేంద్ర నవ్వుతున్నాడని రాశావు. నవ్వనీ. ఫోన్‌లో మనం "తిన్నవా", "తిన్న" దగ్గరే ఆగిపోతున్నాం. ఆ తరువాత ఎవరో ఒకరికి గొంతు పూడుకుపోతుంది, రెండోవాళ్ళు సిగ్నల్ లేదని పెట్టేస్తారు. బాపు పోయినప్పటి నుంచి మనం ఫోన్‌లో చివరిదాకా చెప్పుకున్న మాట ఒక్కటీ లేదు. కాగితం మీద ఆ ఇబ్బంది ఉండదు.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు రాస్తాను, ఆఖరిదాన్ని మాత్రం ఆఖరికే ఉంచుతాను. ఎడమ మణికట్టు నొప్పి తగ్గింది, నువ్వు చెప్పినట్టే గుడ్డ చుట్టుకుని పడుకుంటున్నాను. బియ్యం సరిపడా ఉన్నాయి. "వీసా టెర్మిన్ దొరికిందా" అని రాశావు చూడు, నీ గుండ్రటి అక్షరాల్లో అపాయింట్‌మెంటుకు వాడే ఆ జర్మన్ మాట చూసి నవ్వొచ్చి, నా గదిలో ఉండే ఉదయశ్రీకి కూడా చూపించాను. దొరికింది, పని కూడా అయిపోయింది. డిసెంబర్‌లో బాపు సంవత్సరీకానికి వస్తున్నాను, టికెట్ తీసుకున్నాను.

నాయనమ్మ నేను పెళ్ళి బ్యాండులో చేరానని వాడంతా చెబుతోందని రాశావు. చెప్పనీ, మరీ అబద్ధమేం కాదు. బూరలుంటాయి, డ్రమ్ములుంటాయి, మెరిసే బట్టలుంటాయి. పెళ్ళికొడుకొక్కడే ఉండడు. ఫుట్‌బాల్ మైదానంలో అరవై మందిమి వరసలు మారుస్తూ, నడుస్తూ వాయిస్తాం, జడ్జీలు మార్కులు వేస్తారు. ఇలాంటి బృందాన్ని డ్రమ్ కోర్ అంటారు. ఊరికొక కోర్ ఉంటుంది, కోర్‌కొక అభిమానుల గుంపు ఉంటుంది. మన దగ్గర సినిమా హీరోలకు ఉన్నట్టే అనుకో. పోయిన ఏడు ఎవరు ఏ మలుపులో తడబడ్డారో వాళ్ళకు నోటికి వచ్చు. మార్కులు చదువుతుంటే జడ్జీల మీద ఈలలు వేస్తారు. ఇంటికి పోయాక వీడియోల కింద పేజీలకు పేజీలు వాదించుకుంటారు. వాయించేవాళ్ళు నిద్రపోయినా వాళ్ళు నిద్రపోరు.

వాళ్ళేం రాశారో తెలుగులో చెప్పమన్నావు. నేను పంపింది జూన్ నెల వీడియో కదా, దాని కింద అందరిదీ ఒకటే మాట. మధ్యలో డ్రమ్ములవాళ్ళు మాత్రమే కొట్టే ఆ ఇండియా ముక్క అదిరిందని. "ఈ ఏడాది నాకు నచ్చినది అదొక్కటే, తక్కినదంతా తీసేసి దాన్నే కొట్టినా వస్తాను" అని ఒక పెద్దాయన రాశాడు. "పండగలా ఉంది" అని ఇంకొకరు. "మా పాప రోజూ గిన్నెల మీద అదే కొడుతోంది" అని ఒకామె. అది చదివినప్పుడు ఫోన్ మంచం మీదకు విసిరేశాను. నీకు గుర్తుండే ఉంటుంది, చిన్నప్పుడు వీధిలో విన్నది విన్నట్టు నేను పళ్ళెం మీద కొడితే నువ్వు నా చేతి మీద ఒక్కటి వేసి, "ఇంట్ల కొట్టద్దది" అని పళ్ళెం లాక్కున్నావు.

ఇప్పటికే నీకు అర్థమై ఉంటుంది. నీ ఆఖరి ప్రశ్న అదే కదా. "మధ్యలో వచ్చే ఆ దెబ్బ ఎక్కడో విన్నట్టుంది, వింటుంటే గుండె దడ పట్టింది, డ్యూటీలో బీపీ కూడా చూపించుకున్నాను" అని రాశావు. నీ బీపీ బాగానే ఉందమ్మా. నువ్వు విన్నది చావు దరువు. మన ఇంటి ముందు నుంచి బాపును తీసుకుపోయినప్పుడు కొట్టిన దరువు.

అది ఇక్కడికి ఎలా వచ్చిందంటే, నేనే తెచ్చాను. తెలిసి తెచ్చింది కాదు. బాపు దినాలకు వచ్చి వెళ్ళి, జనవరిలో ఇక్కడికి తిరిగొచ్చాక గదిలో కూర్చోలేక ఈ కోర్‌లో చేరానని నీకు తెలుసు. బడిలో పంద్రాగస్టు పరేడ్‌కి సైడ్ డ్రమ్ కొట్టిన చెయ్యే కదా, పనికొచ్చింది. ఒకరోజు ప్రాక్టీసు మధ్యలో అందరూ కాఫీకి పోతే, నేను ఒక్కదాన్నే రబ్బరు పలక మీద పుల్లలతో ఏదో కొడుతూ కూర్చున్నాను. మా డ్రమ్ముల గురువు యోర్గ్ వెనక నిలబడి విన్నాడు. వారమంతా కిటాలో, అంటే ఇక్కడి బాలవాడిలో, పసిపిల్లలను ఆడించే మనిషి, శనాదివారాలు మమ్మల్ని ఏడిపిస్తాడు. "మళ్ళీ కొట్టు" అన్నాడు. కొట్టాను. "ఏమిటిది?" అన్నాడు. "మా ఊరిది" అన్నాను. అంతకన్నా చెప్పబోతే ఏడుస్తానని ఊరుకున్నాను. ఆయన దాన్ని రెట్టింపు వేగంలో రాసుకుని, గంటలు చేర్చి, ప్రదర్శన నడిమధ్యలో పెట్టాడు.

ఆ దరువులో ఒకచోట ఆగడం ఉంది. డప్పు ఉన్నట్టుండి ఆగిపోతుంది, కాసేపు ఏమీ ఉండదు, తరువాత మళ్ళీ మొదలవుతుంది. యోర్గ్‌కు అది మరీ నచ్చింది. జనానికి ఇంకా నచ్చింది. మొదటి పోటీలోనే ఆ ఖాళీని ఈలలతో, చప్పట్లతో నింపేశారు. జూలైకల్లా అభిమానులు దాని కోసమే ఆవుల మెడలో కట్టే గంటలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. మేం ఆగగానే వాళ్ళు మొదలుపెట్టేవారు. నేను పళ్ళు బిగించి నిలబడేదాన్ని. అంత కోపం నాకు బాపు మీద కూడా ఎప్పుడూ రాలేదు, మా గొడవలు నీకు తెలిసినవే.

జార్‌బ్రూకెన్ పోటీకి మన తెలుగు పిల్లలు పదిమంది వచ్చారు. ఉదయశ్రీ ఎలాగూ వస్తుంది, మా క్లాసులో భువనగిరి శశాంక్, వాడి గదిలో ఉండే రవికిరణ్ కూడా వచ్చారు. తిరుగు రైల్లో మిగతా అందరూ గోలగోలగా ఉంటే శశాంక్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. చివరికి నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"గిదేంది స్నిగ్ధా? సావుడప్పు గదా గిది. గాళ్ళంత ఎగుర్తుంటే నాకు చెయ్యి లేవలే."

"అయితేంది? మా తాత వోయిననాడు మేం ఎగరలేదా?" అన్నాడు రవికిరణ్.

"మీ తాత నిండ బతికిండు, ఎగిరిన్రు. అందరికి ఎగుర్తరార?"

ఉదయశ్రీ నా పక్కకు జరిగి చిన్నగా అడిగింది. "ఎవరిదే అది?"

ఆ రోజు చెప్పలేకపోయాను. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నిండా బతకడమంటే ఎంతో నాకు తెలియదు కానీ, యాభై నాలుగేళ్ళ బాపు బస్సు డిపోలో షిఫ్టు దిగి వచ్చి, టీ తాగకుండానే పోవడం మాత్రం నిండా బతకడం కాదు. నువ్వే నాడి చూశావు, నువ్వే ఇక లేదన్నావు. ఆ సంగతి జితేంద్ర చెబితే తెలిసింది, నువ్వు చెప్పలేదు.

మరుసటి ప్రాక్టీసులో యోర్గ్‌ను పక్కకు పిలిచి అది చావు దరువని చెప్పాను. పిల్లల టీచరు అలవాటు కాబోలు, వినడానికి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఎవరు చనిపోతే కొట్టింది?" అని అడిగాడు. "మా నాన్న" అన్నాను. ఈ దేశంలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. మరి ఆ ఆగడమేమిటని అడిగాడు. శ్మశానానికి పోయే దారిలో ఒకచోట పాడె దింపుతారనీ, డప్పు ఆపేస్తారనీ, ఒకవేళ ప్రాణం ఉంటే లేస్తాడేమోనని చెవిలో మూడుసార్లు పిలుస్తారనీ చెప్పాను. దింపుడు కళ్లం అనే మాటకు జర్మన్ నాకు రాదు, యోర్గ్‌కూ తోచలేదు.

"అంటే ఇన్నాళ్ళూ పిలవాల్సిన చోట వీళ్ళు గంటలు కొడుతున్నారు" అన్నాడు. తల పట్టుకుని, తీసేద్దామన్నాడు.

తీసేయడం అంత తేలిక కాదమ్మా. ఫైనల్ రెండు వారాల్లో ఉంది. మా కోర్ ఎప్పుడూ మొదటి ముగ్గురిలో రాలేదు, ఈ ఏడే ఆశ పుట్టింది, ఆ ఆశంతా జనం మెచ్చిన ఈ ముక్క మీదే ఉంది. ఇరవై ఏళ్ళుగా బూర ఊదుతున్నవాళ్ళున్నారు మాలో. నా కోసం వాళ్ళ నోటి దగ్గరి కూడు తీసేస్తానా? అలాగని బాపు మీద ఇంకోసారి గంటలు కొట్టించనా? రెండు రాత్రులు నిద్ర లేదు. నిద్ర గురించి పైన రాసింది అందుకే.

చివరికి యోర్గ్‌తో తీసేయవద్దన్నాను, ఉన్నది ఉన్నట్టు కొడదామన్నాను. మెల్లగా, గంటలు లేకుండా, జనానికి వీపు తిప్పి, వాళ్ళ నుంచి దూరంగా నడుస్తూ. పోయేవాళ్ళు మన వైపు తిరిగి వాయించరు కదా. యోర్గ్ ఒప్పుకున్నాడు కానీ ఒక మాట చెప్పాడు. మైదానంలో మేం చెవులను నమ్మం, ముందు నిలబడి చేతులూపే అమ్మాయి చేతులను చూస్తాం. జనం కూర్చునే స్టాండులోని చప్పట్లు మాకు ఆలస్యంగా చేరతాయి, వాటిని వింటే దరువు చెదిరిపోతుంది. వీపు తిప్పితే ఆ చేతులు కనబడవు. "జనం చప్పట్లు కొట్టారంటే మీరు అందరి ముందూ చెదిరిపోతారు. ఆగిన తరువాత మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా నేను చెప్పలేను. నువ్వే మొదలుపెట్టాలి. ఎంతసేపు ఆగుతావో నీ ఇష్టం" అన్నాడు.

కోర్‌లో కొందరు ముఖాలు ముడుచుకున్నారు, కానీ ఎవరూ కాదనలేదు. ప్రాక్టీసు చూసిపోయిన అభిమానులు మాత్రం ఆ రాత్రే మొదలుపెట్టారు. బాగున్నదాన్ని చేతులారా చెడగొట్టుకున్నారని, ఈ బుద్ధి ఎవరు చెప్పారోనని, జనానికి వీపు చూపించే కోర్‌కు జనమెందుకని. అన్నీ చదివాను. చదవవద్దని ఉదయశ్రీ ఫోన్ దాచింది, వెతికి మరీ చదివాను. ఫైనల్‌కు ముందురోజు ఆ దరువు ఎవరిదో దానికి చెప్పాను. అది లేచి నాకు అన్నం పెట్టింది.

ఫైనల్ పోయిన ఆదివారం ఆకెన్‌లో జరిగింది. మాది నాలుగో స్థానం. మూడోవాళ్ళకూ మాకూ తేడా వెంట్రుకవాసి. ఆ వీడియో కూడా వచ్చింది, ఈ ఉత్తరం చదివాకే చూడు. కింద ఏం రాశారో చెబుతాను. "ఫైనల్లో ఇంత చచ్చు జనాన్ని నేనెప్పుడూ చూడలేదు" అని ఒకరు. "మంచి ముక్కను చంపేశారు, జనం ఎందుకు కొడతారు చప్పట్లు" అని, మొన్న పొగిడిన ఆ పెద్దాయనే. వీడియో చూస్తే నీకూ అలాగే అనిపిస్తుంది. కెమెరా మైదానం వైపు తిరిగి ఉంది, స్టాండు అందులో కనబడదు. అందుకే అక్కడ ఏం జరిగిందో నేనే రాయాలి.

మేం వీపు తిప్పి నడవడం మొదలుపెట్టగానే అలవాటు కొద్దీ చప్పట్లు అందుకున్నారు. గంటలు కూడా మోగాయి. నా పక్కవాడి పుల్ల ఒకటి తప్పింది, నాకు వినబడింది. అయిపోయిందనుకున్నాను. అంతలో చప్పట్లు ఎడమ వైపు నుంచి తగ్గడం మొదలైంది. మొదట ఒక మూల, తరువాత దాని పక్కన, అలా అలా. జనానికి నచ్చలేదనుకున్నాను, నా మూలంగా అరవై మంది నష్టపోతున్నారనుకున్నాను. మేం ఆగాల్సిన చోటికి వచ్చేసరికి మా అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఆగాం.

ఇక్కడ నీకొకటి చెప్పాలి అమ్మా. ఆ ఆగడం నాకెలా తెలుసని నువ్వు ఇప్పటికే అనుకుంటూ ఉంటావు. ఆ రోజు నేనిక్కడి నుంచి ఫోన్‌లోనే చూస్తుంటే, వాకిలి దాటాక నాకేమీ చూపించవద్దని జితేంద్రకు చెప్పావు. వాకిలి దాటగానే ఫోన్ కట్ అయిందని వాడు నీకు చెప్పాడు. కట్ కాలేదు. పెట్టెయ్యవద్దని నేనే వాణ్ణి బతిమాలాను. నువ్వు వీధి మలుపు దాకానే విన్నావు, ఆడవాళ్ళను అక్కడ ఆపేశారు. నేను వాడి చొక్కా జేబులో ఉండి చివరిదాకా పోయాను. డిపో గేటు ముందు డ్రైవర్లు బస్సులు ఆపి నిలబడ్డారు. ఆ తరువాత వేపచెట్టు దగ్గర పాడె దింపారు, డప్పు ఆగింది. కొడుకు లేడు కాబట్టి పిలవాల్సింది జితేంద్రే. వాడు వంగి, పిలవకుండా, ఫోన్ తీసి బాపు చెవి దగ్గర పెట్టాడు. "నువ్వే పిలువక్కా" అన్నాడు.

పిలిచాను. ఇక్కడ ఈ గదిలో గోడ వైపు తిరిగి, బాపూ అని మూడుసార్లు. ఇంజినీరింగు చదివినదాన్ని, నర్సు కూతుర్ని, అయినా మూడోసారి పిలిచి లేస్తాడేమోనని చూశాను. నిజంగా చూశానమ్మా. తరువాత డప్పు మొదలైంది. ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు. చెబితే నువ్వెందుకు పిలవలేకపోయావో గుర్తొస్తుందని భయపడ్డాను. ఈ సంగతికి జితేంద్రను ఏమీ అనకు.

ఆకెన్‌లో ఆ ఖాళీలో నేను మళ్ళీ పిలిచాను. పైకి కాదు, పెదవులతోనే. మూడుసార్లు పిలిచేదాకా ఒక్క గంట మోగలేదు, ఒక్క ఈల లేదు. అప్పుడు పుల్ల ఎత్తి దరువు అందుకున్నాను, అందరూ నాతో అందుకున్నారు, ఒక్కరూ చెదరలేదు. అది ముగిశాక మేం జనం వైపు తిరగాలి. తిరిగాం.

స్టాండు మొత్తం లేచి నిలబడి ఉంది.

చేతులు కిందికి దించుకుని, మాట లేకుండా. మొదట నాకేమీ అర్థం కాలేదు. తరువాత ఎడమ మూలన మన పిల్లలు కనబడ్డారు. శశాంక్, ఉదయశ్రీ, రవికిరణ్, అందరూ. బూట్లు విడిచి, దండం పెట్టి నిలబడ్డారు, మన వీధిలో పాడె పోతుంటే దుకాణాల వాళ్ళు నిలబడినట్టే. ముందే అనుకుని చేసింది కాదట. మొదట శశాంక్ లేచాడట. వాళ్ళను చూసి పక్కవాళ్ళు చప్పట్లు ఆపారు, ఎందుకో తెలియకుండానే లేచారు, వాళ్ళను చూసి ఆ పక్కవాళ్ళు. వీడియో కింద ఒకే ఒక్కరు రాశారు ఆ సంగతి. "మేమెందుకు లేచామో నాకు తెలియదు, కూర్చోవడం మర్యాద కాదనిపించింది" అని.

బాపు ఎక్కడా చప్పట్లు కొట్టేవాడు కాదు, గుర్తుందా. నా పరేడ్ చూడ్డానికి డిపో బట్టలతోనే వచ్చి, అందరూ కూర్చుని చప్పట్లు కొడుతుంటే ఒక్కడే లేచి నిలబడేవాడు. నువ్వు సిగ్గుపడి చొక్కా పట్టి లాగేదానివి. ఆకెన్‌లో ఆ స్టాండు అలాగే ఉంది. వేపచెట్టు దగ్గర పిలిచినప్పుడు బాపు లేవలేదు. ఈసారి పిలిస్తే అంతమంది లేచారు.

ఉత్తరం చదివాక ఫోన్ చెయ్యి అమ్మా. గొంతు పూడుకుపోతే పోనీ, కాసేపు ఇద్దరం ఆగుదాం. సిగ్నల్ లేదని మాత్రం పెట్టెయ్యకు.

ఇట్లు,
నీ కూతురు,
స్నిగ్ధ